గోళీలు పెడతారా అన్నా?

నాది పెస్ట్ కంట్రోల్ పని. మొన్న రాత్రి పదింటికి అమీర్‌పేట నుంచి ఒక హాస్టల్ మేనేజర్ ఫోన్. గుంటూరు వైపు కుర్రాడు, రెండు మాటలకే తెలిసిపోయింది. "అన్నా, నల్లులతో చచ్చిపోతన్నాం, పిల్లలు పరుపులు తీసుకెళ్ళి టెర్రస్ మీద పడుకుంటన్నారు, ఒక్క రోజులో అయిపోవాలి, గోళీలు పెడతారా?" నేను పెట్టను అన్నా. "వేరేవాళ్ళు పెడతామంటన్నారు, నాలుగు వేలే అంట" అన్నాడు. సరే తమ్ముడూ, వాళ్ళ లైసెన్స్ కాపీ ఒకటి వాట్సాప్‌లో పెట్టమను, చూసి చెప్తా అన్నా. అంతే, మళ్ళీ ఫోన్ లేదు.

గోళీలంటే అల్యూమినియం ఫాస్ఫైడ్. బియ్యం గోడౌన్లలో పురుగు పట్టకుండా వాడే బిళ్ళ. ఒక్కోటి మూడు గ్రాములు, గాలిలో తేమ తగిలితే చాలు ఒక గ్రాము ఫాస్ఫీన్ గ్యాస్ వదుల్తుంది, ఆ గ్యాస్‌కి విరుగుడు లేదు, అంటే ఆస్పత్రికి తీసుకెళ్ళినా డాక్టర్ దగ్గర ఇచ్చే ఇంజెక్షన్ ఏదీ ఉండదు. గోడౌన్‌లో అయితే బస్తాల నెట్టు మీద మందపాటి కవర్ కప్పి, అంచుల చుట్టూ ఇసుక గొట్టాలు పేర్చి, టన్నుకి మూడు బిళ్ళల లెక్కన పెట్టి, ఐదు నుంచి ఏడు రోజులు మూసేసి, తర్వాత గాలి ఆడనిచ్చి, మీటర్ పెట్టి చూసుకుని అప్పుడు గానీ మనిషిని లోపలికి పంపరు. ఇంత తతంగం ఉన్నదాన్ని హాస్టల్ రూంలో మంచం కింద పేపర్ మీద పెట్టి తలుపేసి పోతారు మనవాళ్ళు. ఆ రూంకి ఏసీ పైపు కోసం కొట్టిన బొక్క ఉంటుంది, బాత్రూం వెంటిలేటర్ ఉంటుంది, పక్క రూంలో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్న ఇంకో కుర్రాడు ఉంటాడు.

నేనేదో పుట్టుకతోనే జ్ఞానినని అనుకోకండి. 2014లో ఈ పని మొదలుపెట్టినప్పుడు నా దగ్గర ఒక బైకు, ఒక స్ప్రే పంపు, పనికి ఇద్దరు కుర్రాళ్ళు, వెయ్యి విజిటింగ్ కార్డులు. అంతకుముందు నల్గొండలో బీఎస్సీ బీజడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ), దాని సంగతి తర్వాత చెప్తా. రెండో సంవత్సరమో మూడో సంవత్సరమో ఒక డీలర్ నాకు గోళీల డబ్బా ఇచ్చాడు, నల్లులకి ఇదే బ్రహ్మాస్త్రం అన్నాడు. అసలు అది మామూలు జనానికి అమ్మకూడని సరుకు, గవర్నమెంటు సంస్థలకీ పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకీ మాత్రమే ఇవ్వాలి, నేనేమో ఆపరేటర్ అని బోర్డు పెట్టుకున్నా గానీ లైసెన్స్ లేదు. డబ్బా ఇంటికి తెచ్చి బీరువా పైన పెట్టా. ఇంట్లో, అదీ బెడ్రూంలో! ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

అప్పుడే కొత్తగా మా పెస్ట్ కంట్రోల్ వాళ్ళ అసోసియేషన్‌లో చేరా. చేరింది కూడా ఏదో సర్టిఫికెట్ ఫ్రేం కట్టించి ఆఫీసులో పెట్టుకుంటే ఐటీ కంపెనీల టెండర్లలో పనికొస్తుందని, అంతకుమించి ఏం లేదు. అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు, రైస్ మిల్లులకి ఫ్యూమిగేషన్, అంటే గ్యాస్ పెట్టి పురుగు చంపే పని, చేస్తూ ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి. డోసు ఎంత పెట్టాలి సార్ అని అడుగుదామని ఫోన్ చేశా. ఆయన డోసు చెప్పలేదు. "డబ్బా ఎక్కడ పెట్టావు నాయనా?" అన్నారు. బీరువా పైన అన్నా. ఒక్క క్షణం ఏం మాట్లాడలేదు. తర్వాత "పిల్లలున్నారా ఇంట్లో?" అన్నారు. ఆ రాత్రే బైక్ మీద ఆయన గోడౌన్‌కి పట్టుకెళ్ళి ఇచ్చొచ్చా. మా ఆవిడకి ఈ సంగతి ఈ పోస్టు చదివితేనే తెలుస్తుంది.

అసోసియేషన్ వల్ల ఏం లాభం అని కొత్తవాళ్ళు అడిగినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఈ ఫోనే. సర్టిఫికెట్ ఫ్రేం అయితే ఎప్పుడో ఊడి కింద పడింది, చెదలు పట్టింది కూడా (నవ్వకండి, పెస్ట్ కంట్రోల్ ఆఫీసులో చెదలు, అవును).

రూల్స్ సంగతికొస్తే, మనవాళ్ళందరికీ రూల్ అనగానే ఇన్‌స్పెక్టర్, మామూళ్ళు ఇవే గుర్తొస్తాయి. కానీ ఈ చట్టం ఊరికే రాలేదు. 1958లో గోధుమ పిండి బస్తాలూ పారాథియాన్ డబ్బాలూ ఒకే ఓడలో ఎక్కించారు, దారిలో మందు కారి పిండికి పట్టింది, ఆ పిండి తిని కేరళలో వంద మందికి పైగా చచ్చిపోయారు. పారాథియాన్ అంటే మన ఊళ్ళల్లో ఫాలిడాల్ అంటే అందరికీ తెలుస్తుంది, పాతవాళ్ళకి ఆ పేరు వింటేనే ఎవరో ఒకరు గుర్తొస్తారు. దాని మీద ఎంక్వైరీ వేశారు, కమిటీలు వేశారు, చివరికి 1968లో పురుగుమందుల చట్టం, 1971లో రూల్స్. ఆ రూల్స్‌లోనే 10(3ఎ) అని ఒకటుంది, మా లైన్‌లో ఉన్నవాడికి అది నోటికి రావాలి. అల్యూమినియం ఫాస్ఫైడ్, మిథైల్ బ్రోమైడ్ లాంటి గ్యాస్ మందులు వాడాలంటే లైసెన్స్ ఉండాలి, లైసెన్స్ కావాలంటే అగ్రికల్చర్ డిగ్రీ గానీ కెమిస్ట్రీ ఉన్న సైన్స్ డిగ్రీ గానీ ఉండాలి, దాని పైన కనీసం 15 రోజుల ట్రైనింగ్ సర్టిఫికెట్. నా బీజడ్‌సీ ఇక్కడ పనికొచ్చింది చూశారా, దేనికీ పనికిరాదని మా మామయ్య అన్న డిగ్రీ. ట్రైనింగ్ ఇచ్చే చోట్లు దేశం మొత్తం మీద కొన్నే, మైసూర్ సీఎఫ్‌టీఆర్‌ఐ (ఆహార పరిశోధన సంస్థ) ఒకటి, మన అదృష్టం కొద్దీ ఇంకోటి రాజేంద్రనగర్‌లోనే ఉంది, మొక్కల ఆరోగ్యం మీద పనిచేసే కేంద్ర సంస్థ, ఇప్పుడు ఎన్‌ఐపీహెచ్‌ఎం అంటున్నారు, రూల్ రాసినప్పుడు దాని పేరు వేరే. అప్లికేషన్ ఎలా నింపాలి, ఏ కాగితం ముందు పెట్టాలి, ఇదంతా అసోసియేషన్ సెక్రటరీ గారు పక్కన కూర్చుని చేయించారు, లేకపోతే నేను మూడుసార్లు తిరిగి వదిలేసేవాణ్ణి.

అయితే ఆ రూల్ పేరుపెట్టి పట్టుకునేది గ్యాస్ మందుల్నే. మామూలు బొద్దింకల స్ప్రే, జెల్, ఎలుకల మందు పనికి వచ్చేసరికి పంపు కొనుక్కున్న ప్రతివాడూ ఆపరేటరే. 2024 నవంబర్‌లో చెన్నై పక్కన కుండ్రత్తూర్‌లో ఒక ఫ్లాట్‌లో పెస్ట్ కంట్రోల్ వాళ్ళు ఎలుకల మందు పెట్టిపోయాక ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు, తల్లిదండ్రులు ఆస్పత్రి పాలయ్యారు. ఆ వారం మా గ్రూపులో ఎవరూ గుడ్ మార్నింగ్ మెసేజ్ పెట్టలేదు. ప్రతి కస్టమరూ ఫోన్ చేసి మీరు పెట్టినది సేఫేనా అని అడిగారు, అడగడంలో తప్పు లేదు. అసోసియేషన్ చేసింది ఏంటంటే ఒక పేజీ కాగితం తయారుచేసింది, ఏ మందు పెట్టాం, ఎక్కడెక్కడ పెట్టాం, ఎన్ని గంటలు రూంలోకి రాకూడదు, ఏమైనా అయితే ఏ నంబర్‌కి ఫోన్ చెయ్యాలి, కింద కస్టమర్ సంతకం. చూస్తే చిన్న పని. మా దాంట్లో సగం మంది ఇప్పటికీ అది ఇవ్వరు, ఇస్తే కస్టమర్ భయపడతాడంట.

ఇలా అన్నీ రాసి పెట్టుకోవడం విలువ నాకు అంతకుముందే ఇంకో కేసులో తెలిసింది. నగరం శివార్లలో ఒక ఇండివిడ్యువల్ హౌస్, ఇల్లు కట్టక ముందు నేను చెదలకి మందు కొట్టా, మూడేళ్ళకి తలుపు ఫ్రేముకి చెద వచ్చింది, ఓనర్ కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్తానని నోటీసు పంపాడు. ఆయన కోపం ఆయనది. ఇక్కడ లెక్క చెప్పాలి. ఐఎస్ 6313 అని చెదల మందు పనికి ఇండియన్ స్టాండర్డ్ ఉంది, పునాది మట్టి మీద చదరపు మీటరుకి 5 లీటర్ల ద్రావణం పొయ్యాలి. రెండువేల చదరపు అడుగులంటే దాదాపు 186 చదరపు మీటర్లు, అంటే 930 లీటర్లు, గోడల పక్కన పోసేది దీనికి వేరే. క్లోరోపైరిఫాస్ 20 ఈసీ (నీళ్ళలో కలిపే 20 శాతం చెదల మందు) అయితే ఒకటికి పందొమ్మిది నీళ్ళు, అంటే మందే 46 లీటర్లు దాటుతుంది. ఇప్పుడు చెప్పండి, రెండు డ్రమ్ములు నీళ్ళు కలిపి అరగంటలో కొట్టిపోయి పదేళ్ళ గ్యారంటీ కార్డు ఇచ్చేవాడు ఏం కొట్టినట్టు? నా అదృష్టం, బ్యాచ్ నంబర్, ఎన్ని లీటర్లు, ఏ పాళ్ళలో కలిపాం, అన్నీ రాసున్నాయి. అసోసియేషన్ లాయర్ గారు కాగితాలు చూసి, ముందు సైట్‌కెళ్ళి చూసి రా అన్నారు. వెళ్తే తెలిసింది, నేను మందు కొట్టాక ప్లంబర్ డ్రైనేజీ లైను కోసం మట్టంతా తవ్వి వేరే మట్టి నింపాడు. ఓనర్‌కి ఆ గుంట చూపించా, సగం ఖర్చుకి మళ్ళీ చేస్తానన్నా, డ్రిల్ పెట్టి గోడ వెంబడి అడుగుకో హోల్ వేసి మందు దింపాం. నోటీసు సంగతి అక్కడితో ఆగింది. ఇప్పటికీ ఆయన దసరాకి మెసేజ్ పెడతాడు.

బ్యాన్‌ల విషయంలో కూడా అంతే. 2018లో కేంద్రం కొన్ని మందుల మీద ఆర్డర్ ఇచ్చింది, అందులో డైక్లోర్‌వాస్ కూడా ఉంది, 2020 డిసెంబర్ 31 తర్వాత బంద్. డైక్లోర్‌వాస్ అంటే నువాన్. పాత కస్టమర్లకి నువాన్ వాసన వస్తేనే పని జరిగినట్టు. ఇప్పుడు జెల్ చుక్కలు పెట్టి వస్తుంటే "ఏంటి బాబూ, వాసనే రాలేదు, డబ్బులు మాత్రం తీసుకుంటున్నావు" అంటారు పెద్దవాళ్ళు. మా అసోసియేషన్ రెండేళ్ళ ముందు నుంచే చెవిలో జోరీగలా చెప్తూ వచ్చింది, స్టాక్ పెట్టుకోవద్దు, పనిచేసే కుర్రాళ్ళకి జెల్ పని నేర్పండి అని. విన్నవాళ్ళు బాగుపడ్డారు. నేను సగం విన్నా.

జీఎస్టీ 18 పర్సెంట్ సంగతి అందరికీ తెలిసిందే. 2022 జూలై 18 నుంచి పంట గోడౌన్ల ఫ్యూమిగేషన్‌కి ఉన్న మినహాయింపు కూడా తీసేశారు, మిల్లు వాళ్ళు పాత రేటే ఇస్తామని కూర్చుంటే ఒక సీఏ గారిని పిలిచి మీటింగ్ పెట్టించింది అసోసియేషనే.

అలాగని అంతా పొగడ్తలే అనుకోవద్దు. మీటింగ్ అంటే స్టార్ హోటల్, ముందు వరసలో పెద్ద కంపెనీల వాళ్ళు, శాలువాలు, బొకేలు, ఒక్కొక్కరు ఇరవై నిమిషాల ఇంగ్లీష్ స్పీచ్. మధ్యాహ్నం భోజనం అయ్యాక అసలు విషయాలు మొదలయ్యేసరికి సగం కుర్చీలు ఖాళీ. జూన్ 6 వరల్డ్ పెస్ట్ డే అని ఫ్లెక్సీ కట్టి ఫోటో దిగితే అయిపోయిందనుకుంటారు కొందరు. నేను ఒకసారి లేచి అడిగా, మన టెక్నీషియన్ పిల్లలు ఎక్కువ మంది పది కూడా పాసవ్వలేదు, డబ్బా మీద లేబుల్ చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, వాళ్ళకి తెలుగులో ఒక్క కార్డు అయినా ఇచ్చామా అని. అయితే నువ్వే రాయి అన్నారు! రాశా. లేబుల్ మీద ఉండే రంగు ముక్కోణం సంగతి అది, ఎరుపు అయితే అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిట్లో తక్కువ. గోళీల డబ్బా మీద ఎరుపు. ఎరుపు కనపడితే ముట్టుకోకుండా నాకు ఫోన్ చెయ్యండి అని పెద్ద అక్షరాలతో పెట్టా. మా వాళ్ళల్లో ఒకడు దాన్ని ఫోన్ కవర్ వెనకాల పెట్టుకుని తిరుగుతున్నాడు, దేవుడి బొమ్మ పెట్టుకునే చోట.

ఇప్పుడు మా మధ్య గొడవంతా కొత్త చట్టం మీద. 2020 మార్చిలో రాజ్యసభలో పెట్టిన బిల్లులో పెస్ట్ కంట్రోల్ పని చెయ్యాలంటేనే లైసెన్స్ ఉండాలని రాశారు. పెద్ద కంపెనీల వాళ్ళు ఆ చట్టం రావాలి అంటారు, చిన్నవాళ్ళు మా పొట్ట కొట్టడానికే అంటారు, డిగ్రీ అడిగితే మా పరిస్థితేంటని ఆటోలో మెషిన్ పెట్టుకుని తిరిగే వాళ్ళు అడుగుతారు, వాళ్ళు అడిగేది న్యాయమే. నా మటుకు నాకు లైసెన్స్ రావాల్సిందే. కాకపోతే అది ఆఫీసులో కూర్చునే నాకు కాదు, లోపలికెళ్ళి మందు కొట్టే పిల్లాడికి ఉండాలి, వాడికి డిగ్రీ అడగొద్దు, చేత్తో కలిపి చూపించమని అడగాలి, మాస్కు క్యాట్రిడ్జ్ ఎప్పుడు మార్చాలో అడగాలి, తెలుగులో అడగాలి. ఇది నేను మీటింగ్‌లో చెప్పా, చప్పట్లు కొట్టారు, మినిట్స్‌లో మాత్రం రాయలేదు.

ఇది రాస్తుండగానే ఆ హాస్టల్ కుర్రాడు మళ్ళీ ఫోన్ చేశాడు. లైసెన్స్ కాపీ అడిగితే ఆ నాలుగు వేల మనిషి ఫోన్ ఎత్తడం మానేశాడంట. నేను చెప్పా, మంచాల జాయింట్లన్నీ విప్పి స్టీమ్ పెట్టాలి, తర్వాత స్ప్రే, గుడ్లు పగిలి మళ్ళీ పిల్లలు వస్తాయి కాబట్టి పదిహేను రోజులకి రెండోసారి రావాలి, దుప్పట్లన్నీ వేడి నీళ్ళలో ఉతకాలి. మొత్తం పదకొండు వేలు. బేరం ఆడి తొమ్మిదిన్నరకి ఒప్పుకున్నాడు, రేపు పొద్దున ఏడింటికి వెళ్ళాలి. అంతా అయిపోయి ఫోన్ పెట్టబోతుంటే, "అన్నా, మూడో ఫ్లోర్‌లో ఒక్క రూం ఖాళీగానే ఉంది, దాంట్లో మాత్రం గోళీలు..."