గోధుమ పడని పిల్లతో లండన్‌లో ఇల్లు వెతికిన నెల: నా అనుభవం

ఊల్విచ్‌లో ఇంటి తాళాలు చేతికొచ్చి ఇవాళ్టికి పదకొండు రోజులు. సామాను ఇంకా సగం పెట్టెల్లోనే ఉంది. మరిచిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను. మేం బయల్దేరే ముందు తెలుగులో ఇలాంటిది ఒక్కటి దొరికి ఉంటే మా పాప ఒక రాత్రంతా బాత్రూం నేల మీద కూర్చునేది కాదు.

పాపకి ఎనిమిదేళ్ళు. సీలియాక్. ఆరో ఏట హైదరాబాద్‌లో బయటపడింది. అంతకుముందు రెండేళ్ళు రక్తం తక్కువని ఐరన్ సిరప్‌లు, ఎదగట్లేదని టానిక్‌లు, నులిపురుగుల మందులు. ఉత్తరాదితో పోలిస్తే మన వైపు ఈ జబ్బు బాగా తక్కువ, అందుకే ఎవరికీ వెంటనే తట్టదు. చివరికి ఒక డాక్టరమ్మ టీటీజీ అనే రక్తపరీక్ష, తర్వాత ఎండోస్కోపీ చేయించి తేల్చింది. ఇది అలర్జీ కాదు. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ లోపలికెళ్తే ఒళ్ళే తన పేగుని తాను పాడుచేసుకుంటుంది. మందు లేదు, జీవితాంతం పథ్యమే. చపాతీలు ఒత్తిన పీట మీద కీరా కోసి పెట్టినా మాకు అది లెక్కే. ఈ ఒక్క ముక్క నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడానికే నాకు ఈ నెలంతా సరిపోయింది.

మా ఆయనకి కెనరీ వార్ఫ్‌లో ఉద్యోగం. వీసాలు, టికెట్లు ఏ ఇబ్బందీ లేకుండా అయ్యాయి. ఎక్కడ ఉండాలంటే అడిగిన వాళ్ళందరూ ఒకటే చెప్పారు, ఈస్ట్ హామ్. "అమీర్‌పేటలో ఉన్నట్టే ఉంటుంది, మీకు ఊరు మారినట్టే తెలీదు" అన్నారు. నిజమే. హై స్ట్రీట్ నార్త్‌లో నడిస్తే ఇడ్లీ, దోసె, బిర్యానీ బోర్డులు, కొట్ల ముందు గోంగూర, ములక్కాడలు, వెనకాల ఎవరో ఫోన్‌లో తెలుగులో పోట్లాడుకోవడం. అన్నం తినే మనుషుల మధ్య కంటే గోధుమ పడని పిల్లకి మంచి చోటు ఇంకెక్కడుంటుంది అనుకున్నాను. అక్కడే పొరపడ్డాను.

ఇల్లు దొరికేదాకా మూడు వారాలు ఉందామని మా ఆయన వైపు తెలిసినవాళ్ళింట్లో దిగాం. వాళ్ళ పేర్లు, ఊరు రాయను. మంచివాళ్ళు. పై గది ఖాళీ చేసి ఇచ్చారు, అద్దె మాటెత్తితే కోప్పడ్డారు. ఆ ఇంటావిడ నాకంటే పదేళ్ళు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. దిగిన రోజు రాత్రే పాపకి వేడివేడిగా హార్లిక్స్ కలిపి తెచ్చింది. హార్లిక్స్ అంటే గోధుమ, బార్లీ మాల్ట్. నేను వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పాను. "అయ్యో, పాలల్లో రెండు చెంచాలకేనా" అంది. గ్లాసు అలాగే వెనక్కి పట్టుకెళ్ళింది.

రెండో రోజు నా పెట్టె తెరిచాను. హైదరాబాద్ నుంచి ఒక పెనం, ఒక అట్లకాడ, రెండు గిన్నెలు, చిన్న చిల్లుల గిన్నె, పాప కంచం, గ్లాసు తెచ్చుకున్నాను. వాళ్ళింట్లో రోజూ రాత్రి చపాతీ. పొయ్యి గట్టు మీద ఎప్పుడు చూసినా సన్నగా పిండి పొర, గిన్నెలు తుడిచే గుడ్డకీ పిండే. వాళ్ళ తప్పేం లేదు, చపాతీ చేసే ఇల్లు అలాగే ఉంటుంది. నేను గట్టు మీద ఒక మూల తుడుచుకుని, పాత న్యూస్‌పేపర్ పరిచి, నా గిన్నెలు అక్కడ సర్దుకున్నాను. వండటం అయ్యాక వాళ్ళ స్పాంజ్ ముట్టుకోకుండా నా స్పాంజ్‌తో కడిగి పైకి తీసుకెళ్ళిపోయేదాన్ని. అక్క ఏమీ అనలేదు. చూస్తూ ఉండేది.

నాలుగో రోజు సాయంత్రం మెట్లు దిగుతున్నాను. వంటింట్లోంచి ఆవిడ ఫోన్‌లో ఎవరితోనో అంటోంది: "మా ఇంట్లో ఉంటూ మా గిన్నె ముట్టరు. మా చేతి నీళ్ళు కూడా వాళ్ళ గ్లాసులోనే పోసుకుంటారు. మేమంత అంటరానివాళ్ళమైపోయాం మరి."

నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. చేతిలో పాప కంచం ఉంది.

నెలంతా నన్ను తినేసింది ఈ ఒక్క మాటే. ఏజెంట్లు తిప్పారు, స్కూళ్ళ వాళ్ళు తిప్పారు, వాటికి కోపం వస్తుంది, పోతుంది. ఇది పోలేదు. ఎందుకంటే ఆవిడ బాధ అబద్ధం కాదు. వేరే గ్లాసు, వేరే కంచం, గట్టు మీద వేరే మూల. మన ఊళ్ళల్లో వీటికి ఒక్కటే అర్థం ఉండేది. హోటల్ చూరులో దోపి ఉంచిన గ్లాసులో టీ తాగిన వాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. నా పెట్టెలోంచి వేరే గిన్నెలు తీస్తుంటే ఆవిడకి సీలియాక్ ఎందుకు గుర్తొస్తుంది? కులమే గుర్తొచ్చింది. ఆవిడకి నేను డాక్టర్ కాగితం చూపించాను కానీ, ఆ వేరే గ్లాసు చూస్తే ఆవిడకేమనిపిస్తుందో ఒక్క క్షణం ఆలోచించలేదు. మొదటి రోజే కూర్చోబెట్టి, "అక్కా, ఇది మడి కాదు, మైల కాదు, పాప పేగు" అని చేయి పట్టుకుని చెప్పాల్సింది.

చెప్పలేదు. బదులుగా మొహమాటపడ్డాను. మా ఆయన కూడా "ఇంకో రెండు వారాలేగా, కాస్త సర్దుకుపో, వాళ్ళేమనుకుంటారో" అన్నారు. ఆ ఆదివారం అక్క పాప కోసమని ప్రత్యేకంగా పులిహోర చేసింది. "బియ్యమే కదమ్మా, ఇది కూడా పడదంటావా?" అంది. గొంతులో కొంచెం ఎత్తిపొడుపు, కొంచెం ఆశ. బజార్లో దొరికే పొడి ఇంగువలో చాలా వాటిల్లో గోధుమపిండి కలుపుతారని నాకు తెలుసు. రెండేళ్ళుగా డబ్బా వెనక చదవకుండా ఇంగువ కొన్నది లేదు. పోపులో ఏ ఇంగువ వేశావక్కా అని అడగాలి. మాట గొంతుదాకా వచ్చింది. బల్ల చుట్టూ అందరూ నా మొహమే చూస్తున్నారు. పాప కూడా నా వైపే చూసింది, తినొచ్చా అని. తినమన్నాను.

రాత్రి పదకొండున్నరకి వాంతులు మొదలయ్యాయి. మూడింటిదాకా ఆగలేదు. బాత్రూం నేల మీద టవల్ పరిచి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచి, "నువ్వే తినమన్నావుగా అమ్మా" అంది. కోపంగా అనలేదు. ఊరికే అడిగింది.

తెల్లారి కిందికి దిగి పోపుల పెట్టె పక్కనున్న ఇంగువ డబ్బా తీసి చదివాను. వెనక చిన్న అక్షరాల్లో, జిగురు తర్వాత రెండో మాటే గోధుమపిండి. ఇంగువ వల్లో, చపాతీ గరిటె తగిలో, రెండూ కలిసో తెలీదు. ఆ మధ్యాహ్నమే స్టూడియో, అంటే సొంత పొయ్యి ఉన్న ఒంటిగది ఫ్లాట్, ఒకటి రెండు వారాలకి తీసుకుని వెళ్ళిపోయాం. అక్క గుమ్మం దాకా వచ్చింది. ఏమీ మాట్లాడుకోలేదు.

మీరూ పథ్యం ఉన్న పిల్లతో వస్తుంటే తెలిసినవాళ్ళింట్లో దిగకండి. డబ్బు పోయినా సరే, సొంత పొయ్యి ఉన్న గదిలో దిగండి. ఎవరేమన్నా ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను.

స్టూడియోలో ఉన్న రెండు వారాల్లోనే పేటలన్నీ తిరిగాను. అంతవరకు ఇల్లు అంటే అద్దె, స్టేషన్, స్కూలు అనుకునేదాన్ని. ఇప్పుడు వంటింటి దగ్గర మొదలుపెట్టాను.

ఈస్ట్ హామ్‌నే మళ్ళీ చూశాను, ఇష్టం చావక. ఒక టిఫిన్ హోటల్లో దోసెలో గోధుమ తగులుతుందా అని అడిగితే కౌంటర్లో అబ్బాయి నవ్వేశాడు. ఈ దేశంలో 2014 నుంచి హోటల్ వాళ్ళు పద్నాలుగు రకాల అలర్జీ పదార్థాల గురించి అడిగితే చెప్పి తీరాలి, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు అందులో ఉన్నాయి. ఆ సంగతి చెప్తే లోపల్నుంచి వంటాయన వచ్చాడు, మన తెలుగాయనే. "పరోటా, రవ్వ దోసె, మామూలు దోసె అన్నీ ఒకే పెనమండీ. పూరీ, గారె ఒకే నూనె. పాపకి పెట్టకండి" అన్నాడు. ఆయనకి దండం పెట్టాను. తెలుగు హోటళ్ళ మధ్యలో ఇల్లు తీసుకుని, పిల్ల రోజూ ఆ వాసన పీల్చుకుంటూ ఏదీ తినకుండా నడవడం నాకు నచ్చలేదు.

హ్యారో బావుంది కానీ మా ఆయన ఆఫీసుకి మెట్రోపాలిటన్ లైన్ రైలు, మధ్యలో జూబ్లీ లైన్‌కి మారడం, దగ్గర దగ్గర గంట. ఇల్‌ఫర్డ్‌లో ఒక ఏజెంట్ నన్ను మూడుసార్లు తిప్పాడు. సొంత వంటిల్లు కావాలని ఫోన్‌లో రెండుసార్లు చెప్పినా మూడుసార్లూ పంచుకునే వంటిల్లే చూపించాడు. చివరిది చూపించి, "ఇద్దరు వెజిటేరియన్ అమ్మాయిలే మేడమ్, మాంసం వాసన కూడా రాదు" అన్నాడు, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు. ఏజెంట్లతో నోటిమాట పెట్టుకోకండి, ప్రతీదీ ఈమెయిల్‌లో రాయండి. హోల్డింగ్ డిపాజిట్, అంటే ఇల్లు మనకోసం ఆపి ఉంచడానికి ముందు కట్టేది, వారం అద్దె, అసలు డిపాజిట్ మామూలు ఇళ్ళకి ఐదు వారాల అద్దె. 2019 చట్టం ప్రకారం అంతకు మించి తీసుకోకూడదు. మాకూ ఎక్కువే అడిగారు, చట్టం పేరెత్తగానే తగ్గారు.

ఊల్విచ్‌కి మా ఆయన కోసం వెళ్ళాను. ఎలిజబెత్ లైన్‌లో కెనరీ వార్ఫ్ రెండో స్టాపు. నాకు నచ్చింది మాత్రం నడిచే దూరంలో ఉన్న పెద్ద టెస్కో సూపర్‌మార్కెట్. ఇక్కడ ఎక్స్‌ప్రెస్ అనీ లోకల్ అనీ పేరున్న చిన్న కొట్లను నమ్ముకోకూడదు. నేను చూసిన వాటిల్లో గ్లూటెన్ లేనివి ఒక అరలో నాలుగు ప్యాకెట్లు, అందులో మూడు బిస్కెట్లే. పెద్ద కొట్లో 'ఫ్రీ ఫ్రమ్' అని ఒక వరస వరసంతా ఉంటుంది. బ్రెడ్ మామూలు దానికంటే కొన్ని రెట్లు ఖరీదు, పైగా చిన్నది. ప్యాకెట్ల మీద గోధుమ, బార్లీ ఉంటే లావు అక్షరాల్లో వేస్తారు, అది చదవడం పాపకి కూడా నేర్పాను. మొదటి రోజే అదే చదివి చూపించింది, కార్న్‌ఫ్లేక్స్‌లో బార్లీ మాల్ట్ ఉందని. ఎనిమిదేళ్ళ పిల్ల నాకంటే ముందు కనిపెట్టింది, ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు బెడ్‌రూములు తర్వాత చూశాను. ముందు ఓవెన్ తెరిచాను. అడుగున పిజ్జా ముక్కలు మాడి బొగ్గులై అంటుకుపోయి ఉన్నాయి. పాత టోస్టర్ తలకిందులు చేస్తే గుప్పెడు బ్రెడ్ పొడి రాలింది. మేం దిగేలోపు ఓవెన్, అరలు, ఫ్రిజ్ మనిషిని పెట్టి కడిగించాలని, టోస్టరూ చెక్క గరిటెలూ తీసేయాలని రాసిచ్చాకే సంతకం పెట్టాను. వంటింటికి తలుపుంది. అది కూడా చూసుకోండి.

జీపీ, అంటే ఇక్కడి పేట డాక్టర్, దగ్గర పేరు నమోదు ఒక్క రోజులో అయిపోయింది. ఇంగ్లండ్‌లో 2018 నుంచి ప్రిస్క్రిప్షన్ మీద గ్లూటెన్ లేని బ్రెడ్, పిండి మిశ్రమాలు మాత్రమే ఇస్తారు, అదీ ఏరియాని బట్టి. పదహారేళ్ళ లోపు పిల్లలకి ప్రిస్క్రిప్షన్ ఉచితం కాబట్టి ఇల్లు ఖాయం చేసుకునే ముందే అక్కడి క్లినిక్‌కి ఫోన్ చేసి అడగండి. నాకైతే జొన్నపిండి, సజ్జపిండి చాలు, కానీ అవి కూడా గోధుమ ఆడించే మరలో ఆడితే పనికిరావు. ప్యాకెట్ మీద ఆ సంగతి రాసి ఉంటే పెట్టేయండి వెనక్కి.

స్కూలు సంగతి ఇంకా నడుస్తోంది. లండన్‌లో 2023 సెప్టెంబర్ నుంచి ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్ళలో పిల్లలందరికీ మధ్యాహ్నం భోజనం ఉచితం. దరఖాస్తుకి ముందు మూడు స్కూళ్ళకి ఫోన్ చేశాను. ఒకచోట "సలాడ్ పెడతాం, సరిపోతుందిలెండి" అన్నారు. ఆ పేరు అక్కడికక్కడే కొట్టేశాను. ఇంకోచోట ఆఫీసావిడ ఫోన్ పక్కన పెట్టి వంటావిడని పిలుచుకొచ్చింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "పిల్లకి వేరే చిల్లుల గిన్నె పెట్టాలా?" అని. ఆ స్కూలే. కానీ మెడికల్ డైట్ ఫారం నిన్న వెనక్కొచ్చింది, హైదరాబాద్ డాక్టర్ లెటర్ కాదు, ఇక్కడి జీపీ లెటర్ కావాలట. అది వచ్చేదాకా నేనే డబ్బా కట్టి పంపాలి.

పప్పులకీ చింతపండుకీ శనివారాలు ఈస్ట్ హామ్ వెళ్తున్నాం. థేమ్స్ మీద ఊల్విచ్ ఫెర్రీ ఉచితం, అవతల దిగి బస్సెక్కడమే. ఫెర్రీ లేని రోజు నది కింద 1912 నాటి నడిచే సొరంగం ఉంది. రాజమండ్రిలో పుట్టినదాన్ని, రేవు దాటి సరుకులకి వెళ్ళడం నాకు కష్టమనిపించదు.

మొన్న శనివారం కూరగాయల కొట్టు దగ్గర అక్క ఎదురుపడింది. ఇద్దరం దోసకాయల బుట్ట దగ్గరే ఉన్నాం. కాసేపు ఎవరికి వాళ్ళం కాయలు ఏరుకున్నాం.

"పాప బరువు పెరిగిందా?" అంది, తలెత్తకుండానే.

"కేజీంబావు పెరిగిందక్కా" అన్నాను.

చేతిలో ఉన్న గట్టి కాయ నా సంచీలో వేసింది.