మూడో అంతస్తు జర్మనీ పిల్లలు

మా పిల్లలిద్దరికీ తెలుగు నేనే నేర్పానని జర్మనీలో మా స్నేహితులు అనుకుంటారు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, రాత్రి పడుకునే ముందు కథలు చెబుతాం, అదంతా నిజమే. కానీ పిల్లలకు నోరు తిరిగింది మాత్రం తిరుపతిలో, బైరాగిపట్టెడలో మా అమ్మావాళ్లు ఉండే అపార్ట్‌మెంట్‌లో. అదీ అమ్మమ్మా తాతయ్యల వల్ల కాదు, చుట్టుపక్కల ఫ్లాట్లవాళ్ల వల్ల.

అమ్మమ్మా తాతయ్యలు పిల్లల కోసం కరిగిపోతారు. మా వాడు సగం మాట జర్మన్‌లో అన్నా సర్దుకుంటారు. నీళ్లని చేత్తో చూపిస్తే చాలు, గ్లాసు వచ్చేస్తుంది. ఎదురింటి అవ్వకు ఆ అవసరం లేదు. "ఏం కావాలో నోరు తెరిచి చెప్పు నాయనా, నాకు సైగలు తెలీవు" అంటుంది. రెండో అంతస్తు అత్త మెట్ల మీద ఎదురుపడిందంటే "యాడికి పోతా ఉండావు? తిన్నావా? మీ అమ్మమ్మ ఏం కూర చేసింది?" అని వరసగా అడుగుతుంది, జవాబు వచ్చేదాకా దారి ఇవ్వదు. మొదట్లో మా వాడు గోడకు అతుక్కుపోయి నా వైపు చూసేవాడు. ఇప్పుడు వాడే ముందు అడుగుతాడు, "అత్తా, మీరేం కూర చేశారు?" అని. చింతాకు పప్పు అంటే గిన్నె పట్టుకుని వెనకాలే వెళ్లిపోతాడు.

మేముండేది స్టుట్‌గార్ట్‌లో. అక్కడా అపార్ట్‌మెంటే. మా మెట్లదారిలో ఉన్నవాళ్లంతా మంచివాళ్లు. మేం లేనప్పుడు వచ్చిన పార్సిల్ తీసుకుని దాచిపెడతారు, ఊరెళ్తే మొక్కలకు నీళ్లు పోస్తారు. అయితే అక్కడ ప్రతిదానికీ ఒక వేళ ఉంది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా చప్పుడు చేయకూడదు. ఆదివారం రోజంతా అంతే. గోడకు మేకు కొట్టకూడదు, ఖాళీ గాజు సీసాలు తీసుకెళ్లి వీధిలోని డబ్బాలో వేయకూడదు. కిండర్‌గార్టెన్లు, ఆటస్థలాల నుంచి వచ్చే పిల్లల గోలను మామూలుగా హానికర శబ్దం కింద లెక్కపెట్టకూడదని 2011లో చట్టాన్ని సవరించారు. ఆ పని చేసినందుకు ఆ దేశమంటే నాకు గౌరవం. కానీ ఇంట్లో సంగతి వేరు. కింద ఇంటివాళ్లకు వినిపిస్తుందని మునివేళ్ల మీద నడవడం మా పిల్లలకు నడకతో పాటే వచ్చేసింది. పొరుగువాళ్లంటే ఇబ్బంది పెట్టకూడని మనుషులని మాత్రమే వాళ్లకు తెలుసు. అడగదగ్గ మనుషులని, అడిగించుకోవలసిన మనుషులని తెలియాలంటే తిరుపతికి రావాల్సి వచ్చింది.

తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు చుట్టాలకు కొదవుండదు. దర్శనం టికెట్ దొరికిందంటే చాలు, ఎప్పుడో పెళ్లిలో కనబడిన పెదనాన్న తోడల్లుడు కూడా కుటుంబంతో దిగుతాడు. ఎదురింటికి ఒకేరోజు రెండు కుటుంబాలు వస్తే మగవాళ్లు వాళ్ల హాల్లో చాపలు పరుచుకుంటారు, ఆడవాళ్లూ పిల్లలూ మా ఇంట్లో పడుకుంటారు. తెల్లవారుజామున మా బాత్రూమ్ ఖాళీ లేకపోతే తువ్వాలు భుజాన వేసుకుని పై అంతస్తుకు వెళ్తారు. సామాన్లు మా గదిలో పెట్టి, బీగంచెవి మా నాన్న చేతికిచ్చి, అలిపిరి మెట్ల దారి పడతారు. తిరిగొచ్చేసరికి అందరివీ గుండ్లే. తెచ్చిన లడ్డూ విరిచి అన్ని ఫ్లాట్లకూ తలా కాస్త పంచుతారు. ఆ గిన్నె పట్టుకుని తలుపు తలుపుకూ తిరిగే పని మా పిల్లలది.

ఇదంతా మొదటిసారి చూసినప్పుడు మా అమ్మాయి వాళ్ల తాతయ్యను అడిగింది.

"వీళ్లు మనకేమవుతారు?"

"ఎదురింటివాళ్ల చుట్టాలు."

"మరి మన ఇంట్లో ఎందుకు పడుకున్నారు?"

"వాళ్లింట్లో చోటు లేదు కదమ్మా."

ఇంకేం వివరించలేదాయన. ఆయనకు అందులో వివరించాల్సిందేమీ కనబడలేదు.

స్టుట్‌గార్ట్‌లో బడికి ఎండాకాలం సెలవులు జులై చివర మొదలై సెప్టెంబరు మొదటి వారాల దాకా ఉంటాయి. అందుకే మాకు గంగమ్మ జాతర అందదు, అది మే నెలలో అయిపోతుంది. అందేది శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతం రోజు సాయంత్రం తాంబూలానికి అందరినీ పిలిచి రమ్మని మా అమ్మ కుంకుమ భరిణ మనవరాలి చేతికిచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల, పట్టులంగా రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, ఎవరెవరిని పిలవాలో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. కింది ఇంటి అక్క, రెండో అంతస్తు అత్త, ఒకటో అంతస్తులో ఉండే ముస్లిం కుటుంబంలోని ఆంటీ. ఆమె ఏటా వస్తుంది. బొట్టు పెట్టించుకోదు, పువ్వులూ శనగలూ తీసుకుని కాసేపు కూర్చుని వెళ్తుంది.

తరవాత మా అమ్మాయి "ఎదురింటి అవ్వ" అంది. మా అమ్మ గొంతు తగ్గించి "ఆ ఇంటికి వద్దులేమ్మా" అంది. అవ్వ భర్త పోయి చాలా ఏళ్లయింది.

"పొద్దున నాకు జడ వేసింది అవ్వే కదా? అందరినీ పిలిచి ఆమెను పిలవకపోతే ఎట్లా?"

మా అమ్మ నా వైపు చూసింది. ఏదో ఒకటి చెప్పి పిల్లను ఒప్పించమన్నట్టు. నాకు ఆ పిల్లకు చెప్పదగ్గ కారణం ఒక్కటీ కనబడలేదు. ఉందని నేను నమ్మను కూడా. మన ఆచారాలు పిల్లలకు రావాలని నాకు ఎంత ఉందో, మనిషిని గుమ్మం బయట నిలబెట్టే ఆచారం నాతోనే ఆగిపోవాలని అంతే ఉంది. "పిలిచిరా" అన్నాను. మా అమ్మ మళ్లీ వద్దనలేదు.

సాయంత్రం అవ్వ వచ్చింది. గడప దగ్గరే ఆగిపోయి "బొట్టు వద్దులే పాపా, శనగలియ్యి, తాలింపు వేసుకుంటా" అంది. మా అమ్మే లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. హారతి పాటలో అమ్మకు గుర్తురాని చరణం అవ్వ అందించింది. మరుసటి ఏడు ఎవరూ అడగకుండానే మా అమ్మ మనవరాలితో "ఎదురింట్లో ముందు చెప్పిరా" అంది. జర్మనీలో పెరిగే పిల్ల కాబట్టి ఇలా అడిగిందని కొందరన్నారు. నేనలా అనుకోను. జడ వేసిన చెయ్యి తెలుసు కాబట్టి అడిగింది. ఎదురింటి తలుపు ఎప్పుడూ మూసే ఉంటే ఆ ప్రశ్న పుట్టేదే కాదు.

అక్కడి నుంచి వాళ్లు ఇక్కడికి తెచ్చినవీ ఉన్నాయి. స్టుట్‌గార్ట్ వైపు కేర్‌వొఖె అని ఒక పద్ధతి ఉంది. మెట్లదారి ఊడ్చి తుడిచే పని వారానికొక ఇంటివాళ్లది. ఎవరి వంతయితే వాళ్ల తలుపుకు చిన్న బోర్డు వేలాడుతుంది, వాళ్ల వారం అయిపోగానే దాన్ని తీసి పక్కింటి తలుపుకు తగిలిస్తారు. డాక్టరైనా, బస్సు డ్రైవరైనా వంతు వంతే. మా అమ్మాయికి ఆ బోర్డంటే ప్రాణం. తిరుపతిలో ఏ తలుపుకూ బోర్డు కనబడక, ఒకరోజు తనే చీపురు తీసుకుని మూడో అంతస్తు నుంచి ఊడ్చుకుంటూ దిగింది. రెండో అంతస్తు అత్త "అయ్యో, ఆడపిల్ల చేత మెట్లు ఊడిపిస్తారా" అని చీపురు లాక్కుంది. అంతలో వాచ్‌మన్ భార్య పరుగెత్తుకొచ్చింది. ఆమె ముఖంలో నిజంగా భయం. "పాప ఊడిస్తే నేను పని ఎగ్గొడతా ఉండానని అసోసియేషన్‌లో అంటారు మేడమ్" అంది. ఆ జీతం మీదే వాళ్లు నలుగురూ బతకాలి.

పిల్లకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మంచి పని చేస్తే ఒకరికి నష్టం ఎలా వస్తుందో దానికి అర్థం కాలేదు. ఆ రాత్రి తాతామనవరాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. మెట్లు వాచ్‌మన్ భార్య పని, అందులో చెయ్యి పెట్టకూడదు. మేడ మీద మాత్రం ఎవరి పనీ కాదు. అక్కడ అందరూ వడియాలు పెడతారు, బట్టలు ఆరేస్తారు, సాయంత్రాలు కొండ వైపు చూస్తూ కూర్చుంటారు, ఊడ్చేవాళ్లు లేరు. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు ఎవరిది వాళ్లదే అయినా మేడ, మెట్లు, నేల అందరికీ కలిపి ఉంటాయని, ఎవరి వాటా ఎక్కడుందో గీత గీసి చూపించలేమని తాతయ్య చెప్పాడు. పొద్దున్నే మా అమ్మాయి అట్టముక్క మీద వంతులు రాసింది. వాచ్‌మన్ కూతురి పేరూ అందులో ఉంది, ఆ పిల్లకూ అందరిలాగే ఒక వంతు. ముందుగా వాళ్లమ్మను అడిగి, ఆమె సరేనన్నాకే రాశారు. మేం వెళ్లిపోయాక కూడా ఆ అట్ట కొన్నాళ్లు తలుపులు మారింది. ఒకటో అంతస్తు ఆంటీ ఫొటో తీసి పంపింది.

పొరుగువాళ్ల చనువులో మనం కోరుకోనివీ వస్తాయి. "ఎండలో తిరగొద్దు, నల్లబడిపోతావు" అని మా అమ్మాయికి నలుగురు చెప్పారు. అది వెళ్లి అద్దం ముందు నిలబడటం నేను చూశాను. ఇంకొకామె మా వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని "మీరేమోళ్లు?" అని అడిగింది. ఆరేళ్ల పిల్లాడు "మేము మూడో అంతస్తు వాళ్లం" అన్నాడు. నేను ఆమె ఇంటికే వెళ్లి, కాఫీ తాగుతూ, నేరుగా చెప్పాను: మా పిల్లలను తినమని తిట్టండి, అల్లరి చేస్తే ఒకటి వెయ్యండి, రంగు గురించీ కులం గురించీ మాత్రం వద్దు. ఆమెకు కష్టమనిపించింది, రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఉలవచారు పంపింది. ఆ ప్రశ్న మళ్లీ వేయలేదు. ప్రవాసంలో ఉండే చాలామంది ఇలాంటివాటికే భయపడి, వచ్చినప్పుడు హోటల్లో దిగి, గుళ్లు చూపించి వెళ్లిపోతారు. నా స్నేహితులకు నేను చెప్పేది ఒక్కటే: ఆ నాలుగు గుళ్లలో రెండు తగ్గించుకోండి, పిల్లలను మెట్ల మీద ఆడుకోనివ్వండి. గట్టిగా చెప్పాల్సిన చోట మనం ఉన్నాం కదా.

2021 నవంబరు వానల్లో తిరుపతి మునిగినప్పుడు మేం స్టుట్‌గార్ట్‌లో ఉన్నాం. కపిలతీర్థం దగ్గర నీళ్లు విరుచుకుపడుతున్న వీడియోలు ఫోన్‌లో తిరుగుతున్నాయి, అమ్మావాళ్ల ఫోన్ కలవడం లేదు. చివరికి కలిసింది. అమ్మ వెనక హాలు నిండా మనుషులు. కింది ఇళ్లలోకి నీళ్లొస్తే అందరూ పైకి వచ్చేశారు. వాచ్‌మన్ కుటుంబం మా మంచం మీద, కింది ఇంటి అక్కావాళ్లు అవ్వ దగ్గర. నా టెన్షన్ సగం అక్కడే దిగిపోయింది.

ఇప్పుడు ఆ ఇల్లు అమ్మేద్దామా అని అమ్మానాన్నలు ఆలోచిస్తున్నారు. అమ్మకు మోకాళ్లు అరిగాయి, మూడంతస్తులు ఎక్కలేకపోతోంది, పాత అపార్ట్‌మెంట్‌కు లిఫ్టు లేదు. రేణిగుంట వైపు లిఫ్టున్న కొత్త ఫ్లాట్లు చూసొచ్చారు, బాగున్నాయి. అమ్మ మోకాళ్ల ముందు నా పిల్లల సంగతి తరవాతే, అది నాకు తెలుసు. అందుకే బయటి గోడకు ఆనించి లిఫ్టు కట్టించే వీలుందేమో చూడమని ఒక ఇంజినీరును పంపాను. అవుతుందన్నాడు, మున్సిపల్ అనుమతి తీసుకోవాలి. "లిఫ్టుతో మాకేం పని" అని కింది అంతస్తువాళ్లు అంటున్నారు. వాళ్లన్నది న్యాయమే. వాళ్ల వాటా పై అంతస్తులవాళ్లమే పంచుకుంటామని, అందులో ఎక్కువ భాగం నేను కడతానని పోయిన మీటింగులో నాన్న చేత చెప్పించాను. రెండో అంతస్తు అత్త అప్పటికప్పుడే సరేనంది. ఇంకా ఇద్దరు సంతకం చేయాలి. వాళ్లలో ఒకరు దుబాయ్‌లో ఉంటారు, ఆయనకు ఈ ఆదివారం ఫోన్ చేస్తున్నాను.