'బ్లాక్ మ్యాజిక్ ఉమన్' పాడింది కార్లోస్ శాంటానా కాదండీ

శాంటానా అనే అమెరికన్ రాక్ బ్యాండ్ చేసిన ఆ పాట పాడిందెవరు అని అడిగితే చాలామంది టక్కున కార్లోస్ శాంటానా అనేస్తారు. ఆయన వాయించింది గిటార్. పాడింది గ్రెగ్ రోలీ, పాడుతూనే హామండ్ ఆర్గాన్ (పియానోలా మెట్లుండే కరెంటు వాయిద్యం) వాయించిందీ ఆయనే. ఆ బ్యాండ్ పాటలే 'ఈవిల్ వేస్', 'ఓయే కోమో వా' కూడా అంతే. బ్యాండ్ పేరే గిటారిస్టు ఇంటిపేరైతే ఇక ఆర్గాన్ వెనకున్నవాణ్ణి ఎవరు పట్టించుకుంటారు?

ఆ వాయిద్యం కూడా అలాంటిదే. అందులో హామండ్ బి-3 అనే మోడల్ అంటే పెడల్స్‌తో కలిపి 190 కిలోల దాకా బరువు, రెండు వరసల మెట్లు, కింద కాళ్ళతో తొక్కాల్సినవి వేరే, చేతులూ కాళ్ళూ ఖాళీ లేకుండా వాయిస్తూ నోరు మాత్రం మైక్ దగ్గర్నుంచి జరగకూడదు. గిటారిస్టేమో హాయిగా స్టేజీ అంచుదాకా వచ్చేస్తాడు. 1969లో ఉడ్‌స్టాక్ సంగీత ఉత్సవంలో శాంటానా బ్యాండ్ దుమ్ము లేపింది కదా, ఆ ఉత్సవం మీద తీసిన సినిమాలో వాళ్ళది పెట్టింది 'సోల్ శాక్రిఫైస్', అందులో అసలు గాత్రమే లేదు! ఖర్మ.

ఈ ఇబ్బంది నుంచి ఒక్కొక్కరూ ఒక్కోలా బయటపడ్డారు. రాక్ అండ్ రోల్ గాయకుడు జెర్రీ లీ లూయిస్ పియానో స్టూల్ తన్నేసి నిలబడి వాయించేవాడు. క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ (మన పంచగనిలో చదువుకుంటూ స్కూల్ బ్యాండ్‌లో పియానో వాయించినవాడే) 1985లో లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన లైవ్ ఎయిడ్ విరాళాల కచేరీలో పియానో దగ్గర 'బొహీమియన్ రాప్సొడీ' కొంత పాడి, లేచి వచ్చేశాడు, ఆ తర్వాత వెంబ్లీ మొత్తం ఆయనదే. ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ గాయకుడు గ్రెగ్ ఆల్‌మన్ మాత్రం ఆర్గాన్ ముందు కూర్చునే పాడాడు, ఆ గొంతుకి లేవాల్సిన అవసరమే లేదని నా అభిప్రాయం.

రోలీకి ఇంకో దెబ్బ ఉంది. శాంటానా బ్యాండ్ వదిలేసి 1973లో గిటారిస్టు నీల్ షాన్‌తో కలిసి జర్నీ బ్యాండ్ మొదలుపెట్టాడు, అక్కడా పాడింది తనే. 1977లో స్టీవ్ పెర్రీ వచ్చాడు, చేతిలో ఏ వాయిద్యమూ లేకుండా స్టేజీ అంతా తిరిగే సింగర్, పైగా ఆ గొంతు! 1980కల్లా రోలీ బయటికొచ్చేశాడు. పెర్రీని తప్పు పట్టలేం. కానీ 1978 ఆల్బమ్ 'ఇన్ఫినిటీ'లో 'ఫీలింగ్ దట్ వే' వినండి, మొదట పియానోతో వచ్చే ఆ కాస్త బరువైన గొంతు రోలీది, పెర్రీ తర్వాత అందుకుంటాడు. నాకైతే ఆ మొదటి ముక్కే ఇష్టం. రాక్ సంగీతంలో గొప్పవాళ్ళని గౌరవించే రాక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో రోలీ పేరు రెండుసార్లు ఉంది, 1998లో శాంటానాతో, 2017లో జర్నీతో. అయినా పాడిందెవరంటే మళ్ళీ కార్లోస్ శాంటానా, పెర్రీ పేర్లే చెబుతారు.