గూగుల్ జోలికే పోలేదు

కడపలో చిన్న చిన్న హోటళ్లను, అంగళ్లను గూగుల్‌లో పైకి తెచ్చే పని నాది. నిన్న మా అక్క కూతురు కారం దోశ కోసం ఫోన్ తీసి నేరుగా ఇన్‌స్టా తెరిచింది. పెనం మీద ఎర్రకారం పూసే రీల్ చూసింది, కింద కామెంట్లు చదివింది, "పోదాం పా మామా" అనింది. గూగుల్ మొదటి పేజీ ఆమె కంటికి ఆననే లేదు.

2022లో గూగుల్ సీనియర్ వైస్ ప్రెసిడెంట్ ప్రభాకర్ రాఘవన్ ఇదే చెప్పినాడు: మధ్యాహ్నం ఎక్కడ తినాలో వెతికే కుర్రకారులో దాదాపు 40 శాతం మంది మ్యాప్స్, సెర్చ్ వదిలి టిక్‌టాక్‌కో ఇన్‌స్టాకో పోతున్నారని. మన దగ్గర టిక్‌టాక్ 2020లోనే ఆగిపోయింది, రీల్స్, షార్ట్స్ ఉన్నాయి కదా!

ఈ పిల్లలకు వంట కనపడాల, తిన్నోళ్ల మాట వినపడాల. నాకది చానా న్యాయంగా అనిపిస్తాంది. అందుకే ఇకమీదట నా కస్టమర్లతో వెబ్‌సైట్ కంటే ముందు రీల్ తీయిస్తా, దాని కింద ఊరు, వీధి, ధర తెలుగులోనే రాయిస్తా.