కంపెనీ తరఫున సంతకం ఎవరు పెట్టాలి? నా అనుభవం

బాలానగర్‌లో మాది చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. నేను అకౌంట్స్ చూస్తాను. సరుకు తీసుకున్న ఓ కంపెనీ 14 లక్షలు రెండేళ్లుగా నానబెడుతుంటే, "నువ్వే దగ్గరుండి కేసు వేయించవయ్యా" అన్నారు మా ఎండీ గారు.

వ్యాపార తగాదా, పైగా మొత్తం 3 లక్షలకు పైనే కాబట్టి కమర్షియల్ కోర్టుకే వెళ్లాలన్నారు లాయరు గారు. అత్యవసరంగా ఏ ఉత్తర్వులూ అడగడం లేదు కనుక కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ కింద ముందు మధ్యవర్తిత్వానికి దరఖాస్తు పెట్టాం. అవతలివాళ్లు రానేలేదు. రాలేదని రిపోర్టు ఇచ్చారు, దాన్ని జతచేసి, కంపెనీ తరఫున నేనే సంతకం పెట్టి దావా వేశాం.

సమన్లు ఒకసారి తిరిగొచ్చాయి. తప్పు నాదే. మేం సరుకు దింపే గోడౌన్ అడ్రసు ఇచ్చాను. తర్వాత కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో రిజిస్టర్డ్ ఆఫీసు చూసి, అక్కడికి పంపిస్తే అందాయి.

జవాబు వేయడానికి 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 120 దాకా. ఆపైన ఒక్క రోజు కూడా ఇవ్వరు. వాళ్లు 118వ రోజున వేశారు! బాకీ గురించి రెండే ముక్కలు. మిగతాదంతా నా సంతకం మీదే. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 29 ప్రకారం కంపెనీ దావా మీద సెక్రటరీయో, డైరెక్టరో, విషయం తెలిసిన ముఖ్య అధికారో సంతకం పెట్టాలట. ఈ అకౌంటెంటు ఎవరని వాళ్ల ప్రశ్న. నా దగ్గరున్నదల్లా లెటర్‌హెడ్ మీద ఎండీ గారు రాసిచ్చిన నాలుగు లైన్లు. నా వల్ల కేసు పోతుందేమోనని ఆ వారమంతా ఒకటే టెన్షన్.

లాయరు గారు మాత్రం నవ్వారు. 1996లో ఒక బ్యాంకు కేసులో, ఇలాంటి లోపానికి న్యాయమైన బాకీ పోకూడదని, కంపెనీ తర్వాతైనా ఆ సంతకాన్ని ఆమోదించవచ్చని సుప్రీంకోర్టు చెప్పిందట. మా డైరెక్టర్లు ఇద్దరే, ఎండీ గారు, మేడమ్ గారు. టీ చల్లారేలోపు బోర్డు మీటింగ్ అయిపోయింది, తీర్మానం చేతికొచ్చింది. అదే పని మొదట్లో చేసుంటే సరిపోయేది. కమర్షియల్ కోర్టులో కాగితాలన్నీ దావాతోపాటే పెట్టాలి. ఆలస్యానికి కారణం రాసి, అనుమతి అడిగి, ఈ ఒక్క కాగితం ఫైల్లోకి ఎక్కించడానికి రెండు వాయిదాలు పట్టింది.

మొన్న బంట్రోతు మా కంపెనీ పేరు పెట్టి కేకేశాడు. తీర్మానం కాపీ పట్టుకుని నేనే లేచి నిలబడ్డాను.