దెబెద్ లోయ: అన్నది ఒక చర్చి, తమ్ముడిది ఇంకో చర్చి

అర్మేనియాలో మెడిసిన్ చదివే మన తెలుగు పిల్లలు కాస్త సెలవు దొరికితే సెవాన్ సరస్సుకే పోతారు, ఎవరి ఫొటోలు చూసినా అవే. నన్నడిగితే ఒక్కసారి ఉత్తరాన, జార్జియా బోర్డర్ వైపున్న దెబెద్ నది లోయకి వెళ్ళమంటాను. నది ఎక్కడో కింద లోతులో, దాని పక్కనే రోడ్డూ రైలు పట్టాలూ, పైన కొండ అంచుల మీద చదును నేల, ఆ చదును మీద ఊళ్ళు, వాటిల్లో వెయ్యేళ్ళ నాటి మఠాలు.

అందరూ చూసేవి హఖ్పత్, సనాహిన్. రెండూ యునెస్కో లిస్టులో ఉన్నాయి, 10వ శతాబ్దంలో అర్మేనియా రాణి ఖొస్రొవానుష్ పేరు మీద మొదలైనవి. హఖ్పత్ పెద్ద చర్చి తూర్పు గోడ మీద పైన ఆవిడ కొడుకులిద్దరూ చర్చి నమూనాని చెరోపక్కా పట్టుకుని నిలబడ్డ శిల్పం ఉంటుంది, తల ఎత్తి చూడకపోతే మిస్సవుతారు. నాకైతే చర్చిల కన్నా వాటి ముందుండే గవిత్‌లు నచ్చాయి, అంటే మన గుడి ముందు మండపం లాంటివే, చీకటిగా ఉంటాయి, పైకప్పు మధ్యలో ఉన్న కంతలోంచి వెలుగు పడుతుంది, నేలంతా సమాధి రాళ్ళే. మనకి వాటి మీద కాలు పెట్టడానికి మనసొప్పదు గానీ అక్కడ అందరూ మామూలుగా నడిచేస్తారు.

ఈ రెండిటి లోపల గోడలు చాలావరకు ఉత్త రాయే. అదే కాస్త దూరంలో ఉన్న అఖ్తలా మఠానికి వెళ్తే, అబ్బో, గోడల నిండా బొమ్మలు, ఆ నీలం రంగు 13వ శతాబ్దం మొదట్లో వేసిందంటే నమ్మబుద్ధి కాదు. కారణం ఏంటంటే, క్రీస్తు స్వభావం ఏంటో తేల్చడానికి 451లో క్రైస్తవ మతపెద్దలు పెట్టిన కాల్సిడాన్ సభ తీర్మానాన్ని అర్మేనియా చర్చి ఒప్పుకోలేదు, జార్జియా చర్చి తర్వాత్తర్వాత దాన్ని ఒప్పుకున్న బైజాంటైన్ వాళ్ళ (అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న గ్రీకు క్రైస్తవ సామ్రాజ్యం) వైపు వెళ్ళిపోయింది. జార్జియా రాణి తమార్ దగ్గర సేనాధిపతులు జకారే, ఇవానే అని అన్నదమ్ములు, పుట్టుకకి అర్మేనియన్లే. అన్న అర్మేనియా చర్చిలోనే ఉండిపోయాడు, తమ్ముడు జార్జియా ఆర్థడాక్స్‌లోకి మారాడు. అఖ్తలా ఆ తమ్ముడిది, అందుకే గోడల నిండా ఆ బైజాంటైన్ పద్ధతి బొమ్మలు. ఒకే లోయ, ఒకే ఇల్లు, రెండు చర్చిలు! గర్భగుడి లాంటి చోట పైన కూర్చున్న మేరీమాత బొమ్మలో ముఖం మాత్రం పోయింది, అయినా అక్కణ్ణించి కదలాలనిపించదు. టూర్ బస్సులు చాలావరకు హఖ్పత్ చూపించి తిప్పేస్తాయి, అది అన్యాయం అంటాన్నేను.

అన్నట్టు సనాహిన్ ఊళ్ళోనే ఒక మిగ్-21 విమానం పెట్టిన మ్యూజియం ఉంది, మిగ్ డిజైనర్ ఆర్త్యోమ్ మికోయాన్ పుట్టిన ఊరు అదే. మన హైదరాబాద్ హెచ్‌ఏఎల్ మొదలైందే మిగ్‌లకి ఏవియానిక్స్, అంటే విమానంలో ఉండే ఎలక్ట్రానిక్ పరికరాలు, చెయ్యడానికి కదా, మఠం చూడ్డానికి వెళ్ళి అక్కడ అది తగిలితే నవ్వొచ్చింది.

వెళ్ళేవాళ్ళు ఆ లోయలోనే ఉన్న అలావెర్ది పట్నంలో ఒక రాత్రి ఉండేలా ప్లాన్ చేసుకోండి, ఒక్క రోజులో మూడూ చూడాలంటే పరుగే అవుతుంది. అఖ్తలాకి పొద్దున్నే వెళ్ళండి, ఒక్కోసారి తాళం వేసి ఉంటుంది, చుట్టుపక్కల వాళ్ళని అడగండి.