మూడు పావు చుట్లు

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున్నే బండి నన్ను తన్నింది. మాటవరసకు అనడం లేదు. కిక్ రాడ్డు మీద ఒంటి బరువంతా వేసి తొక్కితే అది సగం దిగి, దిగిన దానికి రెట్టింపు వేగంతో పైకి లేచి కుడి పిక్క మీద ఒక్కటిచ్చింది. మెకానిక్కులు దీన్ని ‘రివర్స్ కొట్టడం’ అంటారు. గేటు పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, ఒక నిమిషం సముద్రం వైపు చూశాను. మా పెదవాల్తేరు ఇంట్లోంచి సముద్రం కనపడదు. అటుందని తెలుసు, అంతే.

నాలుగు నెలలు కష్టపడ్డాక మొదటి కిక్కుకి దక్కిన ఫలితం అది.

బండి మావగారిది. 1986 మోడల్ బుల్లెట్ 350, పోత ఇనుము సిలిండరు, కుడి కాలి గేర్లు. ఆయన పోయాక కంచరపాలెంలో అత్తయ్యగారింటి వెనక రేకుల షెడ్డులో ఉండిపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి రేకులన్నీ ఎగరేసుకుపోయింది. ఆ తర్వాత ఎన్ని వానలు తడిసిందో, ఎంత ఉప్పు గాలి తాగిందో లెక్కలేదు. తుక్కు వాడికి ఇచ్చేయమని అత్తయ్యగారు ఏటా అంటూనే ఉన్నారు. అడ్డం పడింది మా ఆవిడే. అలాగని నాన్న, జ్ఞాపకాలు అంటూ ఏమీ మాట్లాడలేదు. ఆవిడ స్కూల్లో కెమిస్ట్రీ చెబుతుంది. "విప్పి చూడకుండానే పాడైపోయిందని ఎలా అంటారు?" అంది. విప్పే పని నా మెడకు చుట్టుకుంది.

విప్పితే పిస్టన్ సిలిండర్‌కి అతుక్కుపోయి ఉంది. డీజిల్ పోసి వారం రోజులు నానబెట్టి, చెక్క దిమ్మ ఆనించి సుత్తితో తడితే అప్పుడు కదిలింది. క్రాంకు ప్రెస్సింగు, బోరింగు బయట చేయించాను, ఇంట్లో అయ్యే పనులు కావవి. మిగిలిందంతా వరండాలోనే. కాగితాల రెన్యూవల్ ఇంకో పెద్ద కథ, దాని జోలికి ఇప్పుడు పోను.

కంపెనీ లెక్కన దీని బోరు, అంటే సిలిండరు లోపలి అడ్డుకొలత, 70 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 90. అంటే 346 సీసీ. గీతలన్నీ పోవడానికి అర మిల్లీ ఓవర్‌సైజు పిస్టన్ దాకా వెళ్లాల్సి వచ్చింది. 70.5తో లెక్క కడితే 351 అయింది. ఉత్తి పుణ్యానికి అయిదు సీసీ కలిసొచ్చిందని మా అబ్బాయి దగ్గర గొప్పలు పోయాను. వాడు ఫోన్ లోంచి తల ఎత్తలేదు.

ఆ సిలిండరు లేత్ షాపు నుంచి ఇంటికి తెచ్చిన రాత్రి సంగతి మాత్రం ఇక్కడ రాసి పెట్టాలి. అద్దంలా మెరుస్తోంది. ముచ్చటపడి బల్ల మీద పెట్టి, అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుని పడుకున్నాను. తెల్లారేసరికి బోరు లోపలంతా పల్చగా ఇటుక రంగు. ఒక్క రాత్రికే! తీసుకుని పరుగెత్తితే లేత్ షాపు పెద్దాయన వేలు పెట్టి రుద్ది చూసి, "నూనె రాయకుండా వదిలీసినావేటి బాబూ? ఇది ఇసాపట్నం" అన్నాడు. మళ్లీ హోనింగ్ కొట్టి (లోపలి గోడని సన్నరాయితో రుద్ది), తనే నూనె పూసి, పాత గుడ్డలో చుట్టి ఇచ్చాడు. డబ్బులు మాత్రం తీసుకోలేదు. ఆ సిగ్గుతోనే అనుకుంటాను, ఆ రోజు నుంచి ఇంట్లో ఏ ఇనప ముక్క కనపడినా నూనె పూస్తున్నాను. మా ఆవిడ పోపుగరిటె కూడా ఒకసారి బలైంది.

బేరింగుల రోజు ఇంకో రకం. క్రాంక్ కేసు అల్యూమినియం, బేరింగు ఉక్కు. వేడి చేస్తే అల్యూమినియం ఎక్కువ సాగుతుంది. అందుకని కేసుని ఓవెన్లో పెట్టి, బేరింగుల్ని ముందు రోజు రాత్రే ఫ్రీజర్లో పెట్టాను. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన వంజరం ముక్కల పక్కన, రెండు కవర్లు చుట్టి. పొద్దున్న అత్తయ్యగారు చేపల కవరు అనుకుని అదే తీశారు. ఆవిడ చూసిన చూపు సంగతి వదిలేస్తే, బేరింగులు సుత్తి అవసరం లేకుండా టక్కున కూర్చున్నాయి. సుత్తితో కొట్టి కూర్చోబెట్టేవాళ్లని చాలామందిని చూశాను. నాకైతే అది ఒప్పుకోబుద్ధి కాదు.

ఈ ఇంజిన్ పుట్టిల్లు ఇంగ్లండులోని రెడిచ్ అనే ఊరు. 1955లో మద్రాసుకి వచ్చింది. అక్కడ కంపెనీ మూతపడినా ఇక్కడ మాత్రం దాదాపు 2010 దాకా, కొద్దికొద్ది మార్పులతో, ఇదే పోత ఇనుము ఇంజిన్ తయారవుతూనే ఉంది. అందుకే విడిభాగాలకు ఇప్పటికీ కరువు లేదు. లేకపోతే నాలాంటి వాడికి ఇంత ధైర్యం ఎక్కడిది?

సరే, పొద్దుటి తన్ను దగ్గరికి వస్తాను.

కిక్కు రివర్స్ కొట్టిందంటే పిస్టన్ పైకి చేరకముందే, చాలా ముందుగా, మంట అంటుకుందన్నమాట. కానీ టైమింగ్, అంటే స్పార్కు ఎప్పుడు పడాలన్నది, నేను పెట్టిందే. హెడ్డు బిగించక ముందే మావగారి పాత వెర్నియర్‌తో కొలిచి, పిస్టన్ చిట్టచివరికి ఇంకా 0.8 మిల్లీమీటర్లు ఉండగా రోటర్ మీద పెయింటుతో గీత పెట్టుకున్నాను. సరిగ్గా ఆ గీత దగ్గర పాయింట్లు విచ్చుకోవాలి, స్పార్కు పుట్టించే స్విచ్చు అవే. అది పట్టడానికి పాతకాలం పద్ధతి సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం. పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ ఇంజిన్ తిప్పుతుంటే, అవి విచ్చుకున్న క్షణంలో కాగితం జారి చేతిలోకి వస్తుంది. సిగరెట్ తాగని నేను కిరాణా కొట్లో పెట్టె కొంటే, కొట్టతను మా ఇంటి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. పాయింట్ల గ్యాపు కూడా ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి 0.38 మిల్లీమీటర్లు ఉంచాను. ఇంత చేశాక తప్పు ఎక్కడ?

పాయింట్ల మూత తీసి చూస్తే తెలిసింది, తప్పు నాలోనే. కిక్కు కొట్టేటప్పుడు స్పార్కు ఆలస్యంగా రావాలి, ఇంజిన్ వేగం అందుకున్నాక ముందుకు జరగాలి. ఆ పని పాయింట్ల కింద ఉండే రెండు చిన్న బరువు ముక్కలు, రెండు స్ప్రింగులు చూసుకుంటాయి. తిరిగే వేగానికి ఆ బరువులు బయటికి విచ్చుకుంటే పాయింట్లను తెరిచే క్యామ్ ముందుకు తిరుగుతుంది, వేగం తగ్గితే స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. నిన్న రాత్రి పడుకోబోయే ముందు, అవి కదులుతున్నాయో లేదో చూద్దామని వేళ్లతో చివరిదాకా తిప్పాను. కదిలాయి. తృప్తిగా మూత పెట్టేశాను. వెనక్కి వచ్చాయా లేదా అని మాత్రం చూడలేదు. రాలేదు. ఇరుసు బిగుసుకుపోయి అక్కడే ఉండిపోయాయి. అంటే, హైవే మీద పరుగెత్తేటప్పుడు ఉండాల్సిన టైమింగ్‌తో నేను కిక్కు కొట్టాను. ఇంట్లో గరిటెలకు కూడా నూనె పూసినవాణ్ణి, పూయాల్సిన చోట ఒక్క చుక్క వెయ్యలేదు.

విప్పి, తుడిచి, ఆ చుక్క వేసి, తిప్పి వదిలితే టిక్కుమని వెనక్కి వచ్చింది. పది సార్లు వదిలి చూశాను. పదకొండోసారి మా ఆవిడ "చాల్లెండి" అంది.

రెండోసారి అన్నీ వరసగా చేశాను. తాళం తిప్పి, కిక్ రాడ్డు మెల్లగా నొక్కుతూ ట్యాంకు ముందున్న ఆంప్ మీటర్ ముల్లు చూశాను. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపూ ముల్లు మైనస్ వైపు వాలుతుంది. మధ్యకు వచ్చిందంటే పాయింట్లు విచ్చుకున్నాయి, పిస్టన్ పైకి చేరినట్టే. అక్కడ సిలిండర్లో ఒత్తిడి వదిలేసే డీకంప్రెషర్ మీట నొక్కి, రాడ్డు ఇంకొంచెం దించి, వదిలి, ఊపిరి బిగబట్టి ఒక్క తొక్కు. పిక్క ముందే ముడుచుకుంది, దానికి గుర్తుంది కదా. రెండో తొక్కుకి దగ్గింది. మూడో తొక్కుకి పట్టుకుంది.

అంత శబ్దానికి అత్తయ్యగారు లోపల్నుంచి, "జనరేటరేటి? కరంటు పోయిందా?" అన్నారు.

ముందుగా హెడ్డులో వాల్వుల్ని తెరిచే రాకర్లకు వెళ్లే నూనె గొట్టం బోల్టు కాస్త వదులు చేసి చూశాను. నూనె ఊరింది. పంపు పనిచేస్తోంది. అప్పుడు గానీ నవ్వు రాలేదు నాకు.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వేడెక్కాక ఐడ్లింగ్ దానంతట అదే పెరగడం, ఉన్నట్టుండి పడిపోవడం, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్లో టపటపమని పేలడం. నేను గాలి స్క్రూ తిప్పాను. తగ్గలేదు. పెట్రోల్లో గాలి కలిపే కార్బొరేటర్ మూత తీసి సూది క్లిప్పు ఒక గాడి మార్చాను. పనిలో పనిగా ఐడ్లింగ్ వేగం మార్చే స్లో స్క్రూ కూడా. ఇంకా అధ్వాన్నమైంది. మెట్ల మీద కూర్చుని యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుకుంటున్న మా ఆవిడ ఎర్ర పెన్ను ఆపి, "మూడూ ఒకేసారి తిప్పితే, ఏది పనిచేసిందో మీకెలా తెలుస్తుంది?" అంది. పదో తరగతి పిల్లల్ని అడిగినట్టే అడిగింది. జవాబు లేదు. అన్నీ మొదటి చోటికి తెచ్చాను. గాలి స్క్రూ పూర్తిగా మూసి ఒకటిన్నర చుట్టు వెనక్కి, క్లిప్పు మధ్య గాడిలో. ఆవిడ పాత హాజరు పట్టీ ఒకటి తెచ్చి, గీతలు కొట్టి, ఏం మారిస్తే ఏమైందో రాయడం మొదలుపెట్టింది. ఆ పట్టీ ఇప్పుడు బండిది.

దొంగ దొరకడానికి అరగంట పట్టింది. ఇంజిన్ నడుస్తుండగా కార్బొరేటరు హెడ్డుకి అతుక్కునే చోట, తుప్పు వదిలించే స్ప్రే కొద్దిగా కొడితే, వెంటనే ఇంజిన్ శబ్దం మారింది. అక్కడి సందులోంచి గాలి పీల్చుకుంటోంది. కార్బొరేటర్ దాటి దొంగతనంగా వచ్చే ఆ గాలికి పెట్రోలు తోడు లేదు. మరి మిశ్రమం పల్చబడక ఏమవుతుంది? విప్పి, ఫ్లాంజిని, అంటే ఆ అతుక్కునే ముఖాన్ని, కిటికీ అద్దం ముక్క మీద పెడితే ఊగింది. రెండు నట్లూ నేనే బలంగా బిగించి వంచేశాను. గట్టిగా బిగిస్తే గట్టిగా ఉంటుందనుకునే రోగం నాకు చిన్నప్పటి సైకిల్ నుంచి ఉంది. అద్దం మీద సన్న ఎమెరీ కాగితం పరిచి, ఎనిమిది అంకె రాస్తున్నట్టు నెమ్మదిగా రుద్దాను. మధ్యాహ్నం అన్నం, నెత్తళ్ల వేపుడు, మళ్లీ రుద్దడం. మూడింటికి చదునైంది. కొత్త గ్యాస్కెట్, ఈసారి చేతి వాటంగా బిగింపు.

నాలుగున్నరకి రోడ్డెక్కాను. మొదటి 500 కిలోమీటర్లు 50 దాటకూడదని నా నియమం. ఇంకో ఏభై ఏళ్లు బతకాల్సిన రింగులు కదా, బోరుతో నెమ్మదిగా పరిచయం కానీ. లాసన్స్ బే దాటి, తెన్నేటి పార్కు దగ్గర 2020లో బంగ్లాదేశ్ ఓడ ఒడ్డెక్కిన చోటు దాటి, కైలాసగిరి కింద మలుపులు తిరిగి, రుషికొండ దాకా. స్కూటీ మీద వెళ్తున్న ఇద్దరమ్మాయిలు కూడా నన్ను దాటేశారు. గేరు కుడి కాలితో పైకి ఎత్తితే ఫస్టు, తక్కినవి కిందికి. రెండుసార్లు బ్రేకనుకుని గేరు తొక్కాను, ఎవరూ చూడలేదు.

రుషికొండ దగ్గర ఆగి, చేతి రుమాలు పట్టుకుని ప్లగ్ విప్పాను. పొద్దున సుద్దలా తెల్లగా ఉన్న ముక్కు ఇప్పుడు బిస్కట్ రంగుకి తిరిగింది. మొక్కజొన్న కండెలు కాల్చే ఆవిడ పక్కనుంచి చూసి, "పాడైపోనాదా బాబూ?" అంది. బాగుందని చెబితే నమ్మినట్టు లేదు.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. ఆపబోతుంటే మా ఆవిడ "ఉండండి" అని మెట్లు దిగి వచ్చింది. చిన్నప్పుడు మావగారి బండి ఊర్వశి జంక్షన్ మలుపు తిరుగుతుండగానే శబ్దం పట్టి గేటు తీసేదట. ఇది ఎప్పుడో అత్తయ్యగారు చెప్పారు, ఆవిడ కాదు. చేతులు కట్టుకుని కాసేపు వింది.

"నాన్న బండి ఇంత గాభరాగా ఉండేది కాదు."

స్లో స్క్రూ పావు చుట్టు వెనక్కి తిప్పాను. "ఇంకా," అంది. ఇంకో పావు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ వినపడసాగింది. "ఇంకొంచెం." మూడో పావు. ఇప్పుడు ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకోవచ్చు. ఆంప్ మీటర్ ముల్లు ప్రతి దెబ్బకీ తలూపుతోంది, హెడ్‌లైటు వెలుగు దాంతోపాటే ఎగిరి పడుతోంది. ఆవిడ ఇంకేం అనలేదు. నేనూ అనలేదు. వరండాలో దోమలు కుడుతున్నాయి.

కాసేపాగి చెప్పాను, ఇంత నెమ్మదిగా తిరిగితే నూనె పంపూ అంతే నెమ్మదిగా తిరుగుతుందని, కొత్త పిస్టన్‌కి ఇది మంచిది కాదని, బ్యాటరీ కూడా దిగిపోతుందని. శ్రద్ధగా విని, "అయితే పెంచండి" అంది. మూడు పావులూ తిరిగి పెంచి, తాళం తీసేశాను.

ఇప్పుడు పిక్కకి జండూబామ్ రాసుకుంటూ ఆ హాజరు పట్టీ తెరిచి చూశాను. ఈ రోజు గడుల్లో చివరిది ఎర్ర పెన్నుతో ఉంది: "స్లో స్క్రూ – మూడు పావు చుట్లు వెనక్కి తిప్పితే నాన్నది. 500 కి.మీ. తర్వాత."